కూర్చుని మాత్రమే తొడుక్కోవాల్సిన కోటు

చిరంజీవి బావమరిదికి,

నీ బావ లిఫ్టులోంచి దీవించి రాస్తున్నాడు. నిజంగానే లిఫ్టులోంచి. కాగితం గోడకి ఆనించి, నిలబడి రాస్తున్నాను. అక్షరాలు కిందికి జారిపోతే ఆ సమయానికి మేం పై అంతస్తుకి పోతున్నామని అర్థం చేసుకో.

సంగతేమిటంటే, నెలాఖరుకి ఈ లిఫ్టు నడిపే ఉద్యోగం నుంచి నాకు రిటైర్మెంటు. మా దుకాణాల భవనం యజమానికి నా మీద ఎన్నడూ లేని ప్రేమ పుట్టుకొచ్చి, మీ అక్కయ్యకీ నాకూ ఓ పెద్ద ఓడలో విహారానికి టిక్కెట్లు చేతిలో పెట్టాడు. ఇంతవరకూ బాగానే ఉంది. ఓడవాళ్లు పంపిన పుస్తకంలో మాత్రం ఒక మెలిక ఉంది. రెండోరోజు సాయంత్రం పెద్ద హాల్లో భోజనానికి అందరూ పూర్తి ఫార్మల్‌గా తయారై రావాలట. అలా రాలేనివాళ్లు పై డెక్కు మీద, ఆరుబయట, ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని, ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుని తినొచ్చట.

మీ అక్కయ్య అది రెండుసార్లు చదివి, పుస్తకం మూసేసి, "మనం పైనే తిందాం లెండి" అంది. ఆ 'లెండి' సంగతి నీకు తెలియనిది కాదు. కొత్త ఇంటికి మారదామా అన్నప్పుడూ 'ఇదే చాల్లెండి' అంది. నాకు సరైన కోటు లేదనేగా ఆ మాట!

కాబట్టి నాకో కోటూ ప్యాంటూ కుట్టిపెట్టు. నువ్వు బడిపిల్లలకీ, కాపలావాళ్లకీ, ఆస్పత్రివాళ్లకీ యూనిఫారాలు తప్ప ఇంకోటి కుట్టవని తెలుసు. అయినా కోటంటే కోటే కదా. మీ అక్కయ్యకి మాత్రం ఈ ముక్క పొక్కనివ్వకు. ఆ సాయంత్రం నన్ను చూసి నోరు తెరవాలి.

ఇట్లు,
నీ బావ

తా.క. జవాబు ఇంటికి రాయకు. భవనం చిరునామా వేసి 'లిఫ్టు' అని రాయి చాలు. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు.

*

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది మిషను ఆపి మరీ చేస్తున్న నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకి మన కుటుంబంలో ఒకరు నన్ను కోటు అడిగారు! ఫార్మల్ అంటే నాకు తెలియనిదా? నేను కుట్టినవన్నీ ఫార్మలే. నా బట్టలు వేసుకున్న కాపలావాడు ఇంట్లో కూడా నిటారుగానే కూర్చుంటాడని వాళ్లావిడ చెప్పింది.

అయినా పొరపాటు జరగకూడదని కాస్త పరిశోధన చేశాను. మా వీధి మంగలి దుకాణంలో క్యాలెండరు మీద ఓడ బొమ్మ ఉంది. దాని మీద ఒక పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని సముద్రాన్ని చూస్తున్నాడు. తెల్ల కోటు, రెండు వరసల ఇత్తడి గుండీలు, భుజాల మీద బంగారు పట్టీలు, నెత్తిన టోపీ. ఓడ మీద మర్యాదస్తులు ఎలా ఉంటారో చూసి కళ్లు చెదిరాయి. మీకు అచ్చం అలాంటిదే కుడతాను.

కొలతలు పంపండి. పొట్ట లోపలికి పీల్చకండి. ఓడలో భోజనం అయ్యేంతసేపూ పీల్చి ఉంచలేరు.

ఇట్లు,
విధేయుడు, మీ బావమరిది

తా.క. టోపీ నా వల్ల కాదు. మా ఊరి బ్యాండువాళ్లని అడిగి చూస్తాను.

*

బావమరిదికి,

దీవెనలు తర్వాత. ముందు ఆ క్యాలెండరు వైపు చూడటం మానెయ్. అతను ఓడ నడిపే కెప్టెన్. నేను భోంచెయ్యడానికి వెళ్తున్నాను, ఓడ నడపడానికి కాదు.

ఇత్తడి గుండీలు వద్దంటే వద్దు. ఇన్నేళ్లూ పొద్దున లేవగానే నా యూనిఫారం గుండీలు తోముకుని బతికాను. లిఫ్టెక్కినవాడెవడూ నా మొహం చూడలేదోయ్. గుండీలు చూసి "నాలుగు" అంటాడు, "ఆరు" అంటాడు, దిగిపోతాడు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట, మీ అక్కయ్య పక్కన పెద్దమనిషిలా కూర్చుని అన్నం తినాలని ఉంది. ఆమె తలెత్తుకుని నలుగురి వైపూ చూడాలని ఉంది. అందుకని నల్లటి కోటు, నల్లటి గుండీలు. అంతే. దాని మీద ఇంకేమీ వద్దు.

కొలతలు జతచేశాను. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఛాతీ, మూడుకీ నాలుగుకీ మధ్య చెయ్యి, అయిదులో నడుం తీయించాను. టేపు పట్టినవాళ్లు వేరువేరు మనుషులు. నడుం తీసినాయన కళ్లడాక్టరు కాబట్టి అది నమ్మొచ్చు.

ఇట్లు,
నీ బావ

తా.క. జేబులో టేపు మీ అక్కయ్యకి దొరికింది. ఏమిటిదని అడిగితే లిఫ్టు కొలవాల్సొచ్చిందన్నాను. "కొలిచారూ! నేనైతే దాన్ని లోపలి నుంచి చూసిన పాపాన పోలేదు" అంది. నిజమే. పనివాళ్ల కుటుంబాలు వెనక మెట్ల మీదుగా రావాలని మా భవనంలో రూలు.

*

పూజ్యులైన బావగారికి,

భయభక్తులతో నమస్కరించి రాస్తున్నాను. భయం పాలు కాస్త ఎక్కువ.

కోటు పార్సిల్లో వేశాను. నల్లది అన్నారు, నల్లదే. బట్ట మేలురకం. తీరు చూస్తే మీరే మెచ్చుకుంటారు. అయితే రెండు మూడు చిన్న విషయాలు ముందే చెప్పడం మంచిది.

ఒకటి, భుజాల మీద పట్టీలు. నేను కుట్టలేదు బావగారూ, నా చేతులు కుట్టేశాయి. మనసు ఒకపక్క వద్దు వద్దంటూనే ఉంది, మిషను ఇంకోపక్క లాక్కుపోయింది. విప్పితే బట్ట మీద గుర్తులు పడతాయని వదిలేశాను. నడుం వెనక కూడా ఓ పట్టీ పడింది. అది మాత్రం చాలా గట్టిగా పడింది. ఈల పెట్టుకునే జేబు లోపలివైపే ఉంది, ఎవరికీ కనిపించదు. ఇక గుండీలు. నల్లవి తెచ్చాను, నిజంగా తెచ్చాను. అవి నా కాజాల్లోంచి జారిపోతున్నాయి. నా కాజాలు ఇత్తడికే అలవాటు పడ్డాయి. చివరికి ఇత్తడివే వేశాను. చిన్నవేలెండి.

ఇంకో సంగతి. అక్కయ్య నాకు ఉత్తరం రాసింది. "మీ బావగారు టేపు దాస్తున్నారు, నన్ను చూడగానే కాగితాలు మడుస్తున్నారు. రిటైరయ్యాక ఇంకోచోట లిఫ్టులో చేరడానికి కొత్త యూనిఫారం కుట్టించుకుంటున్నారా? నిజం చెప్పు" అని. నేను మీకిచ్చిన మాట తప్పుతానా? "అక్కయ్యా, నన్నేమీ అడక్కు. ముదురు రంగు, పార్సిల్లో వస్తుంది, ఇంతకుమించి చెప్పను" అని జవాబు రాశాను. రహస్యం చెక్కుచెదరలేదు.

ఇట్లు,
విధేయుడు, మీ బావమరిది

తా.క. ఈల జేబులో ఈల పెట్టలేదు. మీరు కోప్పడతారని.

*

ఏమోయ్ బావమరిదీ,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

పార్సిలు భవనానికే వచ్చింది. కోటు తొడుక్కుని కింది అద్దంలో చూసుకుందామని రెండడుగులు వేశానో లేదో, గేటు దగ్గర కాపలావాడు లేచి సెల్యూట్ కొట్టాడు. నన్ను ఇన్నేళ్లుగా ఎరిగినవాడు! పైగా "కొత్త సార్ ఎప్పుడొచ్చారు?" అన్నాడు. భుజం పట్టీ విప్పబోతే చెయ్యి మొత్తం ఊడొచ్చేలా ఉంది. ఇంత గట్టి కుట్టు నేనెక్కడా చూళ్లేదు. వేరే కోటు కుట్టించే వ్యవధి లేదు. ఎల్లుండే ప్రయాణం.

మీ అక్కయ్యకి నువ్వు రాసిన జవాబు చేరింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఇక ఇంటి పట్టునే ఉంటారుగా?" అంది. ఉంటానన్నాను. చెల్లని నోటుని చూసినట్టు చూసింది. అసలు సంగతి చెప్పేద్దామని నాలుకదాకా వచ్చింది. కానీ ఇంత దూరం వచ్చాక ఆ సరదా పాడుచేసుకోవడం ఇష్టంలేక మింగేశాను. ఇదే కోటు వేసుకుంటాను. ఏమవుతుందో చూద్దాం.

ఇట్లు,
నీ బావ (ఇంకా బావనే)

తా.క. కోటు సరిగ్గా సరిపోయింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కళ్లడాక్టరు బాగా కొలిచాడు.

*

పూజ్యులైన బావగారికి,

తల వంచి, సూది పక్కన పెట్టి రాస్తున్నాను.

మీ ఉత్తరం అందాక ఇక్కడ బొమ్మకి అలాంటి కోటే తొడిగి, కాస్త దూరంగా జరిగి చూశాను. కూర్చోబెట్టి చూశాను, నిలబెట్టి చూశాను. కిటుకు దొరికింది. కూర్చుంటే అది పెద్దమనిషి కోటు. నిలబడితే మాత్రం ఎవరో ఏదో పని చెప్తారు. అందుకని ఓడలో మీరు లేవకండి. నడవక తప్పకపోతే వేగంగా నడవండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ తలుపు దగ్గరా ఆగకండి.

అక్కయ్య ముందు మీరు తల దించుకోవాల్సి వస్తే నన్ను నేను క్షమించుకోలేను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఈ ఉత్తరం మీకు అందేలోగా ఓడ వెళ్లిపోదు కదా?

*

చిరంజీవి బావమరిదికి,

ఓడ దిగి ఇల్లు చేరి నాలుగు రోజులైంది. భవనంవాళ్లు ఇంటికి పంపేసిన నీ ఉత్తరం గుమ్మం కింద మా కోసం కాసుకుని కూర్చుంది. తలుపు దగ్గర ఆగొద్దన్న సలహా ఓ వారం ముందు అంది ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

రెండోరోజు సాయంత్రం మీ అక్కయ్య చక్కగా తయారైంది. "నువ్వు ముందెళ్లి మన బల్ల చూసుకుని కూర్చో, వెనకే వస్తాను" అన్నాను. ఆమె వెళ్లగానే కోటు తొడుక్కుని లిఫ్టెక్కాను. కింది అంతస్తులో ముగ్గురు ఎక్కారు. వాళ్లు నా వైపు కాదు, గుండీల వైపు చూసి "భోజనాల హాలు" అన్నారు. ఆ లిఫ్టులో ఎవరి మీట వాళ్లే నొక్కుకోవాలోయ్! కానీ నా వేలు నన్ను అడిగితేగా. నొక్కేసింది. తలుపు తెరుచుకుంది. ముందు ప్రయాణికులు దిగాలి, తర్వాతే నేను. ఇన్నేళ్ల అలవాటు. వాళ్లు దిగేసరికి ఎక్కేవాళ్లు ఎక్కేశారు. వాళ్లని దించబోతే ఇంకొకళ్లు. చేతికర్ర పట్టుకున్న ఓ పెద్దావిడని చెయ్యిచ్చి దింపాను. ఓడ ఊగుతోందని ఒకాయన నన్ను కోప్పడ్డాడు. రేపటికి సరిచేయిస్తానని చెప్పాను.

అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. ఈసారి తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా మీ అక్కయ్య. నా భుజాల పట్టీలు చూసింది, గుండీలు చూసింది, మీట మీద ఉన్న వేలు చూసింది. "అనుకున్నంతా అయింది! ఓడ మీద కూడా ఉద్యోగంలో చేరారా!" అని గట్టిగా ఏడ్చేసింది. లిఫ్టులో ఉన్నవాళ్లంతా కంగారుపడ్డారు. మళ్లీ ఎక్కిన ఆ చేతికర్ర పెద్దావిడ సర్దిచెప్పబోయి, "బాధపడకమ్మా, పని చాలా బాగా చేస్తున్నాడు" అంది. దాంతో ఏడుపు రెట్టింపైంది.

అందరినీ దింపేసి, కోటు కథ మొదటి నుంచీ చెప్పాను. నీ క్యాలెండరు కూడా వదల్లేదు. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే నన్ను నాలుగు తిట్టింది. "పద, భోజనానికి దిగుదాం" అంటే దిగలేదు. కొంగొత్తగా చుట్టూ చూస్తూ, "ఇన్నేళ్లలో మీ లిఫ్టు ఒక్కసారి ఎక్కలేదు నేను. పైకి పోనివ్వండి" అంది.

పోనిచ్చాను. అన్నిటికంటే పైకి వెళ్లాం, కిందికి వచ్చాం, మళ్లీ పైకి వెళ్లాం. మధ్యలో తలుపు తెరుచుకున్న చోటల్లా ఎక్కబోయినవాళ్లతో మీ అక్కయ్యే "ఖాళీ లేదండీ" అని చెప్పింది. అందులో ఇద్దరమే ఉన్నాం. నా ఉద్యోగంలో అంత సంతోషంగా లిఫ్టు నడిపిన రోజు లేదోయ్. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు, ఆమె పట్టుకుని ఉంది.

హాలు గుమ్మంలో బట్టలు పరీక్షించే అతను నన్ను చూసి పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. తన పైఅధికారి అనుకున్నట్టున్నాడు. లోపల కూర్చున్నాం. నువ్వు రాసింది నిజమే, కూర్చున్నాక నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒక్కసారి మాత్రం లేవబోయాను, తలుపు దగ్గర ఎవరో రెండు చేతుల్లో పళ్లేలతో ఇబ్బంది పడుతుంటే. మీ అక్కయ్య వెనక పట్టీ పట్టుకుని ఒక్క లాగు లాగి కూర్చోబెట్టింది. ఆ పట్టీ గట్టిగా కుట్టి మంచి పని చేశావు.

ఇట్లు,
నీ బావ

తా.క. మిగతాది మీ అక్కయ్య రాస్తానని కలం లాక్కుంటోంది.

తమ్ముడూ, రహస్యం దాచడం నీ వల్ల కాదు గానీ కోటు బాగుంది. మీ బావగారి మొహానికి నప్పింది. ఒక్క మాట మాత్రం మీ ఇద్దరికీ కలిపి చెప్తున్నాను. పై డెక్కు మీద తిందాం లెండి అన్నది కోటు లేదని కాదు. పైన ఎవరి వడ్డన వాళ్లదే, అక్కడ ఒక్క తలుపూ లేదు. పెద్ద హాలుకి తలుపుంటుంది. తలుపు కనబడితే ఈయన భోజనం మానేసి దాని పక్కన నిలబడతారని నాకు తెలియదూ? ఒక్క పూట నా పక్కన కూర్చుని తింటారనుకున్నాను, అంతే.

ఇంటికొచ్చాక ఆ కోటు మేకుకి తగిలించాను. రోజూ పొద్దున ఈయన వంటింటి గుమ్మంలో నిలబడి "ఏ అంతస్తండీ?" అని అడుగుతున్నారు. మా ఇంటికి మేడ లేదని ఆయనకీ తెలుసు. నేను మాత్రం "పైకే" అంటున్నాను.