నీళ్ళు చల్లిన గిన్నెలు

పటమట,
28-5-2021

అక్కయ్యకు,

మేమంతా కోలుకున్నాం, కంగారుపడకు. ఫోనులో అన్నీ చెప్పలేకపోయాను, పక్కన మీ మరిదిగారున్నారు. దారిలో ఎవరు చదివినా చదవనీ అని కార్డే రాస్తున్నాను.

మా పనిమనిషి మార్తమ్మ చనిపోయింది. మీ మరిదిగారికి ఆయాసం రాగానే మావాడు ప్రణవ్ ఒక్క ఫోను చేస్తే బెడ్డు దొరికింది. ఆమెను నాలుగు ఆసుపత్రులు తిప్పారట, ఆటోలోనే పోయింది.

అంటించింది మేమే. మాకు పాజిటివ్ అని ఆమెకు చెప్పలేదు. "చెబితే పని మానేస్తుంది, ఊరుకో" అన్నారు మీ మరిదిగారు. ఊరుకున్నాను. "అమ్మగారూ, అంత నీరసంగా ఉన్నారేంటండీ, జ్వరమా?" అని మార్తమ్మే అడిగింది. ఎండదెబ్బ అన్నాను. వారం రోజులు మా ఎంగిలి కంచాలన్నీ పెరట్లో పంపు దగ్గర కూర్చుని తోమింది. అమ్మ నేర్పినట్టే, ఆమె చెయ్యి తగిలిన మైల పోవాలని వాటి మీద నీళ్ళు చల్లి మరీ లోపల పెట్టుకున్నాను.

ఈసారి వడియాలు పంపకు, ఇంకా రుచి తెలియడం లేదు. నీ బీపీ మాత్రలు ఉన్నాయా? కంకిపాడులో కేసులెలా ఉన్నాయి? మీ ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు మీ పనామెకు చెప్పు. బావగారు వద్దన్నా చెప్పు.

బావగారికి నమస్కారాలు, వేదశ్రీకి దీవెనలు.

గిన్నెలు ఇప్పుడు నేనే తోముకుంటున్నాను. నిన్న నేను తోమిన వాటి మీద కూడా నా చెయ్యి నీళ్ళు చల్లింది.

నీ చెల్లెలు,
రమాసుందరి