రాణిని ఆపిన రోజు

ఆదివారం, గురజాల

కుర్రతనంలో నాకు గుర్రం ఉండేది. అరవై దాటాక మళ్లీ ఒకటి కొని నెల కూడా కాలేదు. ఈ ఉదయం రాణిని మొదటిసారి రెంటచింతల వైపు, మిరప చేల మధ్యకు తీసుకెళ్లాను. మట్టిబాట కనబడగానే అది సంతోషంగా పరుగందుకుంది. ఒకప్పుడు నాకు కావలసింది ఆ పరుగే. ఈరోజు మాత్రం గుండె జారిపోయి కళ్లెం బలంగా లాగేశాను. పాపం, దాని నోరు తెగింది. దిగి, ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

"ఏందయ్యా, ఎక్కి పోయినోడివి నడిచొస్తన్నావు?" అంది మా ఆవిడ కోటేశ్వరమ్మ.

జీను వదులైందన్నాను. ఆమె రాణి నోరు చూసి, "భయమేసిందా?" అంది. తల ఊపాను.

మోకాళ్లు అరిగాయని తెలిసే కొన్నాను. ధైర్యం సంగతి ఆలోచించలేదు. పొలం, పిల్లల చదువులు అంటూ ఏటికేడు వాయిదా వేశాను. పదేళ్ల ముందైనా కొని ఉంటే...

సాయంత్రం ఉప్పునీళ్లతో గాయం కడుగుతుంటే రాణి కదలకుండా నిలబడింది. విదిలించుకున్నా బాగుండేది.

"అమ్మేద్దామా?" అన్నాను.

"చానా ఏళ్లు కలవరించావు గదా. ఎక్కలేకపోతే పక్కన నడువు," అంది కోటేశ్వరమ్మ.

ఓదార్చాలనే అంది. కానీ నేను దాన్ని కొన్నది పక్కన నడవడానికి కాదు.