నీ పేరు మీద అవార్డు

అక్కా,

ఈరోజు మన ఊరు ప్లేనోలో నీ పేరు మీద ఒక అవార్డు పెట్టారు. పెట్టింది ఎవరనుకున్నావు? తొలి వాతావరణ చర్చలకు నిన్ను సైంటిస్టుగా వెంట తీసుకెళ్ళిన మీ బృంద నాయకుడే. దేశాలన్నీ కర్బన ఉద్గారాలు తగ్గించి తీరాలని నువ్వు రాసిన వాక్యాన్ని ఒప్పందంలోంచి కొట్టేయించింది కూడా ఆయనే.

"అప్పట్లో మాకెవరికీ సరిగ్గా తెలియదు" అన్నాడు స్టేజీ మీద.

నీ కూతురు నా చెవిలో, "పిన్నీ, అమ్మ చెప్పింది కదా? నౌ వై ఈజ్ హీ సో నైస్?" అంది. నా అనుమానమూ అదే.

తర్వాత ఆయన హాల్లో పెట్టడానికి, మేం వెంట తెచ్చిన నీ ఫొటో అడిగాడు.

"మా అక్క మీకు ముందే చెప్పిందని మైకులో చెప్పండి, ఇస్తాను" అన్నాను.

ఆయన నవ్వి, పక్కవాళ్ళ వైపు తిరిగాడు.

నువ్వు మాతోనే కార్‌లో, నీ కూతురి ఒళ్ళో ఇంటికొచ్చేశావు.