అందరికీ ఒకటే బీపీ

అక్కా, నేను క్షేమం. ఈ ఊళ్లో సిగ్నల్ లేదు, నాకు బండి ఎల్లుండి గాని రాదు. అందుకే పోస్టు బండికి ఈ కార్డు ఇస్తున్నాను.

ఆసుపత్రులకిచ్చిన ఆరోగ్య యాప్‌ని ఎంతవరకు వాడుతున్నారో చూడటానికే కదా ఆఫీసువాళ్లు నన్ను పంపారు. ఈ ఊరి ఆసుపత్రి యాప్‌లో గర్భిణులందరి బీపీ ఒకటే, నూట ఇరవై బై ఎనభై. ఇదేమిటని అడిగితే నర్సు బీరువా తీసి, గొట్టం తెగిన బీపీ మిషను చూపించింది.

"అంకె వెయ్యకపోతే తర్వాతి మనిషి పేరు తెరుచుకోదమ్మా. బయట అంతమంది నిలబడి ఉంటే ఏం చెయ్యమంటారు?" అంది.

ఆఫీసులో ఈ లెక్కలకి చప్పట్లు కొట్టినవాళ్లని తెచ్చి ఆ బీరువా ముందు నిలబెట్టాలి.

మీ ఆసుపత్రిలోనూ ఇదే యాప్. నువ్వు నెల తప్పినప్పటి నుంచి బావ నెలనెలా నాకు ఫోన్‌లో పంపే నీ బీపీ కూడా ఇదే అంకె. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదని రాశావే, అక్కడ ఒక్కసారైనా నీ చేతికి బీపీ పట్టీ చుట్టి చూశారా?

నా గొడుగు మీ ఇంట్లోనే మరిచిపోయానా? అత్తయ్యగారికి నమస్కారాలు, పాపకి ముద్దులు. కార్డు అందగానే బావని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లు. అక్కడ డాక్టరుకి ఫోన్‌లో అంకె చూపించకు, కాళ్లు చూపించు.

నీ చెల్లి