చలికాలపు పాములు

చెల్లె రాజవ్వా,

ఈ రోజు నాందేడు నుంచి గుమాస్తా వచ్చాడు. నిన్ను తీసుకుపోయిన దగ్గుజ్వరంతో మూడేళ్లలో ఎంతమంది పోయారో దేశమంతా లెక్క తీస్తున్నారట. పటేలుగా నేను రాసిన చావుల దఫ్తరు ఆయన ముందు పెట్టాను.

మన ఊళ్లో మొదట పోయింది నువ్వే. రోగమని రాస్తే ప్లేగునాటిలా ఊరు ఖాళీ చేయిస్తారని, జొన్నకోత ఆగిపోతుందని భయపడ్డాను. నీ పేరు పక్కన పాముకాటు అని రాశాను. అది తెలిసి, తర్వాత పోయినవాళ్ల ఇంటివాళ్లు కూడా వచ్చారు.

"పటేలా, మాకు సుత గట్లనే రాయి."

రాశాను. నిజం రాసిన పక్క ఊరు మాండవికి డాక్టరు వచ్చాడు. మనకెవరూ రాలేదు. మరుసటేడు అదే జ్వరంతో నీ బిడ్డ కూడా పోయింది. దానికీ పామే రాశాను.

గుమాస్తా వేలు ఆ పేజీ మీద ఆగింది.

"చలికాలంల గిన్ని పాములు యాడికెల్లి అచ్చినయి, పటేలా? రోగమైతె చెప్పుండ్రి, ఇప్పుడే దిద్దుత."

కలం కూడా తీశాడు. ఒప్పుకుంటే దొంగలెక్క రాశానని పటేలుగిరీ పోతుందేమో అనుకున్నాను.

"పాములే సాబ్" అన్నాను.

ఆయన దగ్గుజ్వరం గడిలో సున్నా వేసుకుని, "నసీబున్న ఊరు మీది" అన్నాడు.

నేను తల ఊపాను, చెల్లె.

నీ అన్న