మన పాలకూరలో ఏముండాదో

సరోజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు దాచిన విత్తనంతోనే చింతామణి ఊళ్లోని మన తోటలో పాలకూర వేశాను, దట్టంగా వచ్చింది. చెరువు నిండింది కదా. బెంగళూరు మురుగును శుద్ధి చేసి పంపిన నీళ్లే అవి.

ఈరోజు పంచాయితీ సభలో ఆఫీసరు మన ఆకు ల్యాబు రిపోర్టు చదివి, "ఇనుము బాగుంది, ప్రోటీను బాగుంది, ఇంకేం భయం?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "ఆ మురుగు నీళ్లలోని సీసం ఆకులోకి వచ్చి ఉండాదేమో చూసినారా?" అని నిలదీశాను.

"ఇది పోషకాల పరీక్షప్పా. ఆ టెస్టు వేరే. మీకు అన్నిట్లో తప్పే కనపడ్తాది" అన్నాడు. జనం నవ్వినారు. నేను తిట్టేది శాస్త్రాన్ని కాదు. సగమే వెతికి, అంతా చూసినట్టు ధైర్యం చెప్పడాన్ని.

ఇంటికొస్తే మన భారతి అన్నం తింటోంది. దానికిప్పుడు ఐదో నెల. రక్తం తక్కువుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి రోజూ ఆ కూరే.

"విన్నావా నాయనా, మన ఆకులో ఇనుము బాగుండాదంట! అమ్మ చెప్పిందే నిజం" అంటూ ఇంకో గరిటె వేసుకోబోయింది. గిన్నె నా వైపు లాక్కున్నాను.

"యాల నాయనా, తిననీవా?" అంది.

గిన్నె వదల్లేదు, సరోజా.