ఎల్ అంటే

మేకన్, 1991 ఫిబ్రవరి 9

చిరంజీవి రినీటాకు అమ్మమ్మ దీవెనలు. నా మాటలు కూడా వేస్తున్న నీ పుస్తకం నెలాఖరుకు అచ్చుకు వెళుతుందన్నావు. అందుకే మోకాలి నొప్పి తగ్గేదాకా ఆగకుండా రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. పీచ్ చెట్లు తొందరపడి పూశాయి. మంచు పడితే వాటి ఖర్మ.

ముందు నీ మొదటి ప్రశ్న, వ్యాసాలు ఎలా ఉన్నాయని. నువ్వు పంపిన వ్యాసాలు చర్చి ఆడవాళ్లం కలిసి చదివాం. రాసినవాళ్లంతా మన నల్ల ఆడవాళ్లేనంటే మాలో వర్డెల్ అనే ఆమె నమ్మలేదు.

"మిసెస్ టాలివర్, ఇవి మనం చిక్కుళ్లు వలుస్తూ అనుకునే మాటలే కదండీ! వీటికి ప్రొఫెసర్లు కావాలా?"

"కావాలి. నువ్వు చెబితే నీ మొగుడే వినలేదు."

"ఆయనకు చెవుడండీ!"

"పెళ్లినాడు లేదుగా."

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ వ్యాసాల్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: మాటతో పాటు ఆ మాట అన్న మనిషి పేరు కూడా నిలవాలని. ఎప్పుడో ఆ రాసినవాళ్లు పట్టిన పట్టే ఇవాళ నీ చేత నన్ను అడిగిస్తోంది, నా పేరులో ఎల్ అంటే ఏమిటని.

నేను పంతులమ్మగా చేరిన రోజుల్లో తెల్ల అధికారులు తమ ఆడవాళ్లను మిసెస్ అనేవారు, మమ్మల్ని పనిపిల్లల్లా పేరు పెట్టి పిలిచేవారు. అందుకని బడి రిజిస్టరులో నా పేరుకు బదులు ఎల్ అని ఒక్క అక్షరమే రాశాను. పిలవడానికి వాళ్లకు పేరే దొరకలేదు. చివరికి మిసెస్ టాలివర్ అనక తప్పలేదు. ఆ అక్షరం వెనకున్న అసలు పేరు మీ అమ్మకూ చెప్పలేదు.

ఇంతవరకు ఎవరితోనూ అనని మాట ఒకటుంది. మీ తాతయ్య ఒక్కరే ఆ పేరుతో పిలిచేవారు, గేటు దగ్గరనుంచే, రెండో అక్షరం సాగదీసి. గౌరవం కాపాడుకున్నందుకు నాకు చింత లేదు. కానీ సాయంత్రం గేటు చప్పుడైతే నా చెవి ఇంకా ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తుంది. అది పిలిచే గొంతు ఈ లోకంలో ఒక్కటీ మిగల్లేదు.

ఇక జరగవలసినవి:

1. పుస్తకంలో నా పూర్తి పేరు వెయ్యి. దాని ముందు మిసెస్ తియ్యకు.
2. వర్డెల్ పేరూ వెయ్యి. చిక్కుళ్ల మాట ఆమెది.
3. ఈస్టరుకు రా. గేటు దగ్గరే ఆగి, ఆ పేరు ఒక్కసారి గట్టిగా పిలువు. గేటు దాటాక నేను మళ్లీ అమ్మమ్మనే.

ఇట్లు,
నీ అమ్మమ్మ,
మిసెస్ లువీనియా టాలివర్